ఎడమవైపు మసక

"ఎడమ లైటు మళ్ళీ నీరసంగా ఉందమ్మా."

లారీని షాపు ముందు ఆపి, ఇంజను కట్టేసి, తలుపు తీసి కూడా దిగకుండా పెద్దాయన స్టీరింగు మీద చేతులు ఆనించుకుని కూర్చున్నాడు. ఆ మాట ఆయన అప్పటికి చాలాసార్లు అన్నాడు. అయినా కొత్తగా చెబుతున్నట్టే చెప్పాడు.

"కుడివైపు రోడ్డు రోడ్డులా ఉంటుంది. ఎడమవైపు రోడ్డు ఎప్పుడో కలలో చూసినట్టు ఉంటుంది."

కూతురు ఒక బ్యాటరీలో నీళ్ళు పోస్తోంది. తలెత్తలేదు.

"నీరసం మనుషులకొస్తుంది నాన్నా. లైట్లకి రాదు."

"ఏమో. దీనికొచ్చింది."

ఆ వీధిలో ఆమెను అందరూ కరెంటమ్మ అంటారు. లారీలకూ వ్యాన్లకూ వైరింగు చేసే చిన్న షాపు ఆమెది. గోడకు కొట్టిన మేకులకు ఎరుపు, నలుపు, పసుపు వైర్ల చుట్టలు వేలాడుతుంటాయి. బల్ల మీద పాత హోల్డర్లు, కాలిపోయిన బల్బులు. రెండు షట్టర్ల అవతల టైర్లకు గాలి కొట్టే ఆయన ఉంటాడు. గాలి టైర్లలో కంటే మాటల్లో ఎక్కువని ఆయనకు గాలిమామ అని పేరు. "ఊరికే పోయే గాలిని అమ్ముకు బతుకుతున్నాను, నాకంటే తెలివైనవాడెవడు?" అంటాడు ఆయన. ఈ ఇద్దరి మధ్య ఉన్న షట్టరు దించి ఉంది.

అది అమ్మది. లారీల మీద పేర్లు, పువ్వులు, నంబర్లు రాసే రంగులమ్మ. మొన్న వానలు మొదలైన వారంలోనే పోయింది. షట్టరు కింద నుంచి టర్పెంటైను వాసన ఇప్పటికీ సన్నగా బయటికొస్తుంది, ఎండ ఎక్కిన రోజున ఎక్కువగా, మబ్బు పట్టిన రోజున తక్కువగా. ఆ తేడా కరెంటమ్మకు తెలుసు. ఎవరితోనూ అనలేదు.

ఏటా వానలకు ముందు పెద్దాయన లారీకి రంగు వేయడం రంగులమ్మ పెట్టుకున్న నియమం. ఎంత పని ఉన్నా, ఎవరి బోర్డు ఆగిపోయినా, ఆ నాలుగు రోజులూ ఆ లారీవే. "తుప్పు దొంగలాంటిది. మనం చూడని వైపు నుంచే వస్తుంది" అనేది. అందుకే ఎవరూ చూడని వైపే ముందు మొదలుపెట్టేది. చివరిసారి ఓపిక చాలక ముందు భాగం ఒక్కటే వేసింది. పీట వేసుకుని కూర్చుని, బెత్తెడు మేర వేసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ వేసి. నీలం రంగు. లారీ మొహం కొత్తగానూ ఒళ్ళు పాతగానూ మిగిలిపోయింది.

లైటు సంగతి మొదటిసారి వచ్చినప్పుడే తండ్రీకూతుళ్ళకు ఒక ఒప్పందం కుదిరింది.

"రెండు బల్బులూ అటుది ఇటు, ఇటుది అటు మారుస్తాను నాన్నా. మసక కుడివైపుకి మారిందనుకో, తప్పు బల్బుది. ఎడమవైపే ఉండిపోయిందనుకో, వైరింగుది. రెండూ సమానంగా వెలిగితే మాత్రం..."

"వెలిగితే?"

"తప్పు బండిలో లేనట్టు. కంటిలో ఉన్నట్టు. ఇంక బండి దిగిపోవాలి. ఇంట్లో కూర్చోవాలి."

పెద్దాయన కాసేపు ఆలోచించి, న్యాయంగానే ఉందన్నట్టు తలూపాడు. "సరే. మాటంటే మాటే."

కరెంటమ్మకు పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒక పద్ధతి నేర్పాడు: ముందు కుదుపు, తర్వాత చూడు. మీటరు పట్టుకునే ముందే వైర్లన్నీ ఒక్కొక్కటిగా లాగి చూడాలి, హోల్డర్లు నొక్కి చూడాలి, బోల్టులు వేళ్ళతో కదిపి చూడాలి. సగం జబ్బులు అక్కడే తెలిసిపోతాయనేవాడు. ఆమె ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఆ రోజూ లైట్ల ముందున్న ఇనుప జాలీ తీసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, అన్నీ కుదిపి, నొక్కి, బల్బులు మార్చి, లైట్లు వేసింది. ఎదురు గోడ మీద రెండు గుండ్రటి వెలుగులు పడ్డాయి. రెండూ తెల్లగా, రెండూ నిండుగా ఉన్నాయి.

తీర్పు చెప్పడానికి గాలిమామ వచ్చాడు. చేతులు నడుముకు పెట్టుకుని చూశాడు.

"ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఇందులో తేడా చెప్పినవాడి ఇంటికి నేను సున్నం కొట్టిస్తా."

"ఏమంటావు నాన్నా?"

పెద్దాయన అబద్ధం ఆడే మనిషి కాదు. గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, ఒక వెలుగులో చెయ్యి పెట్టి చూసి, రెండో వెలుగులో పెట్టి చూశాడు. "ఇక్కడ బాగానే ఉన్నాయి. రోడ్డెక్కాక ఉండవు."

"గోడతో స్నేహంగా ఉన్న లైటు రోడ్డు మీద ఎందుకు అలుగుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నా."

కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఎడమ కంట్లో సన్నగా పొర మొదలైందనీ, ఇప్పుడప్పుడే దానివల్ల ఇబ్బంది ఏమీ లేదనీ డాక్టరు చెప్పాడు. ఆ వాక్యంలో మొదటి సగం కూతురు ఇంటికి తెచ్చుకుంది. రెండో సగం తండ్రి తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత కూడా పెద్దాయన వచ్చినప్పుడల్లా అదే మాట. ఆమె ప్రతిసారీ జాలీ తీయడం, కుదపడం, గోడ మీద వెలుగులు చూపించడం.

"ఒక్కసారి నాతో వచ్చి కూర్చుని చూడమ్మా" అనేవాడు ఆయన. "వంతెన దాటేదాకా. అక్కడికెళ్ళేసరికి దాని సంగతి అది చెబుతుంది."

"పని ఉంది నాన్నా."

నిజంగానే పని ఉండేది. కానీ అమ్మ పోయినప్పటి నుంచి ఆమె ఆ క్యాబిన్‌లోకి ఎక్కలేదు. ఎడమ సీటు అమ్మది. పెద్దాయన దూరం వెళ్ళినప్పుడు రంగుల డబ్బాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని అమ్మ కూడా వెళ్ళేది. దారిలో ఎవరైనా అడిగితే ఏదో ఒక లారీ వెనక ఏదో ఒక పువ్వు వేసి వచ్చేది.

ఈ రోజు కూడా గోడ మీద వెలుగులు చక్కగా పడ్డాయి. ఈ రోజు కూడా పెద్దాయన చెప్పిందే చెప్పి, నడుచుకుంటూ ఇంటివైపు వెళ్ళిపోయాడు. గాలిమామ పైపు చుట్టుకుంటూ వచ్చి కరెంటమ్మ పక్కన నిలబడ్డాడు.

"ఒక మాటంటే కోప్పడవుగా?"

"అన్నాక చెబుతా."

"పెళ్ళికూతుర్ని చూసి రమ్మంటే వాళ్ళింటి గోడలు చూసొచ్చినట్టుంది నీ పరీక్ష. ఆయన రోడ్డు మీద అంటుంటే నువ్వు గోడ మీద చూపిస్తావేంటే?"

"లైటు ఎక్కడైనా లైటే మామా."

"అలాగా. నాకేమనిపిస్తోందో చెప్పనా? నీకు లైటు బాగుండాలని ఉంది. మీ నాన్న కన్ను బాగుండకూడదని ఉంది."

ఆమె చేతిలో ఉన్న టేపు చుట్టను బల్ల మీద పెట్టి, షట్టరు దించి, తాళం వేసింది. గాలిమామ వెనక నుంచి, "కోప్పడనన్నావ్!" అని అరిచాడు. "అన్నాక చెబుతానన్నా" అంది ఆమె తిరిగి చూడకుండా.

మర్నాడు తెల్లవారకముందే, పెద్దాయన లారీ స్టార్టు చేసి ఇంజను వేడెక్కనిస్తున్నప్పుడు ఎడమ తలుపు తెరుచుకుంది. కూతురు శాలువా కప్పుకుని, భుజానికి పనిముట్ల సంచీతో ఎక్కి కూర్చుంది. పెద్దాయన, ఏమైనా అంటే దిగిపోతుందేమోనన్నట్టు నెమ్మదిగా గేరు వేశాడు.

మంచు పట్టిన పొద్దు అది. వీధి చివర దాకా వచ్చేసరికి ఇళ్ళు లేవు, గోడలు లేవు. ఎక్కడో ఒక కిటికీ మాత్రం గాల్లో వేలాడుతున్నట్టు వెలుగుతోంది. లారీ కదులుతోందో, మంచే వెనక్కి జరుగుతోందో తెలియడం లేదు. సీటులో స్ప్రింగు ఒకచోట కుంగి ఉంది. ఆమె ఒళ్ళు తనంతట తానే ఆ గుంటలోకి ఒదిగిపోయింది. కాళ్ళ దగ్గర ఇనుప రేకు మీద ఎండిపోయిన రంగు చుక్కలు ఉన్నాయి, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. డాష్‌బోర్డు నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగుకే అవి మెరుస్తున్నాయి. చిన్నప్పుడు ఆమె ఈ రేకు మీదే పడుకుని నిద్రపోయేది. ఇంజను మోత కింద నుంచి వచ్చి కడుపులో చేరి, అక్కడే ఒక పాటలా తిరిగేది. అప్పుడు అమ్మానాన్నల మాటలు పై నుంచి వినిపించేవి. ఏం మాటలో తెలిసేది కాదు, ఎవరి గొంతో మాత్రం తెలిసేది.

ఇప్పుడూ ఆమె కళ్ళు వాలాయి. నిద్ర కాదు, మెలకువా కాదు. ఎవరో పక్కనుంచి కాస్త జరగమన్నట్టు అనిపించి, ఆమె నిజంగానే తలుపు వైపుకు జరిగింది.

"వంతెన వచ్చింది" అన్నాడు పెద్దాయన.

ఆమె కళ్ళు తెరిచింది. వంతెన కీళ్ళ మీద లారీ గడగడ ఊగింది. అవతలి ఒడ్డున రోడ్డు గతుకులు. ఒక గతుకు, ఇంకో గతుకు, అంతలో ఎడమవైపు మంచు రంగు మారింది. తెల్లగా ఉన్నది పసుపుపచ్చగా, పసుపుపచ్చది గోధుమగా దిగిపోయింది, ఎవరో వత్తి తగ్గించినట్టు. కుడివైపు రోడ్డు అంచు, గులకరాళ్ళు, తెల్లగీత అన్నీ ఉన్నాయి. ఎడమవైపు రోడ్డు ఉందని నమ్మాల్సిందే తప్ప కనిపించడం లేదు.

ఆమె కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది.

"చూశావా?" అన్నాడు ఆయన. గొంతులో గెలుపేమీ లేదు.

"ఆపు నాన్నా. ఇంజను కట్టెయ్యకు. లైట్లు ఆర్పకు."

దిగి ముందుకు వెళ్ళింది. ఈసారి దేన్నీ కుదపలేదు. వేలు కూడా తగలకుండా జాలీ తీసి పక్కన పెట్టింది. దీపం అలాగే నీరసంగా వెలుగుతోంది. సంచీలోంచి పొడవాటి నల్ల వైరు తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు తగిలించింది. రెండో కొస పట్టుకుని దీపం దగ్గరికి వచ్చింది.

బ్యాటరీ నుంచి దీపం దాకా కరెంటు వైరులో వస్తుంది. తిరిగి వెళ్ళడానికి మాత్రం పొడవాటి వైరు ఉండదు. దీపం వెనక నుంచి ఒక పొట్టి వైరు వచ్చి, బండి చట్రానికి ఒక బోల్టుతో బిగిసి ఉంటుంది. అక్కడి నుంచి బండి ఇనుమంతా తిరుగుదారే. దాన్నే ఎర్త్ అంటారు. వచ్చే దారి ఎంత బాగున్నా, తిరిగి వెళ్ళే దారి ఇరుకైతే దీపానికి ఊపిరాడదు.

ఆమె నల్లవైరు కొసను ఆ పొట్టి వైరు చివరనున్న ఇనుప రింగుకు ఆనించింది.

దీపం భగ్గున తెల్లబడింది. మంచులోంచి ఎడమవైపు రోడ్డు ఒక్కసారిగా బయటికొచ్చింది, గడ్డీ, రాయీ, కిలోమీటరు బండా అన్నీ. తీసేస్తే మునిగిపోయింది. పెడితే మళ్ళీ తేలింది. ఆమె అలా పెడుతూ, తీస్తూ కొంతసేపు అక్కడే ఉండిపోయింది.

"ఏంటమ్మా?" అన్నాడు పెద్దాయన పై నుంచి.

"ఎర్త్ నాన్నా. ఎర్త్ సరిగా లేదు."

"మరి నా కన్ను?"

ఆమె వైరు చుట్టుకుంది. 

"నీ కన్ను బాగానే ఉంది."

షాపుకు తిరిగి వచ్చేసరికి ఎండ వచ్చింది. గాలిమామ అప్పటికే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కరెంటమ్మ ఎర్త్ బోల్టును పానాతో విప్పింది. బోల్టు వచ్చింది, రింగు వచ్చింది. రింగు కింద మెరిసే ఇనుము కనిపించాలి. అక్కడ నీలం రంగు ఉంది.

పైపైన పడిన రంగు కాదు. తుప్పు గీకి, కాగితంతో రుద్ది, ఎర్ర ప్రైమరు పూసి, ఆరనిచ్చి, దాని మీద రెండు పూతలు వేసిన రంగు. అంచులు తీర్చి వేసింది. రింగు పట్టేంత గుండ్రటి చోటు, ఒక బొట్టుబిళ్ళంత. అది వేసిన మనిషి పీట మీద కూర్చుని, బోల్టు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టి, రంగు ఎండేదాకా ఆగి, మళ్ళీ బిగించి ఉండాలి. బోల్టు కింద కూడా దొంగ దూరకూడదని.

"అంతకుముందెప్పుడూ అమ్మ ఇది విప్పలేదు" అంది కరెంటమ్మ. "చుట్టూ వేసి వదిలేసేది. ఈసారి కింద కూడా వేసింది. రంగు మీదుగా కరెంటు పోదు నాన్నా. బోల్టు మర చుట్లు ఎక్కడో కాస్త ఇనుముకి తగులుతూ ఉండబట్టి ఆ మాత్రమైనా వెలిగింది. గతుకుల్లో ఆ కాస్తా వదులయ్యేది."

"మరి ఇక్కడ ఎందుకు బాగుండేది?"

ఆమె తన వేళ్ళు చూసుకుంది. "నేను కుదిపేదాన్నిగా. కుదిపినప్పుడల్లా మర మళ్ళీ ఇనుముకి తగిలేది. చూసే ముందు నేనే బాగుచేసి, బాగుందని నీకు చెప్పేదాన్ని."



"అంటే లైటు పాడైంది మీ అమ్మవల్లా?" అన్నాడు పెద్దాయన.

"అమ్మ బాగా వెయ్యడం వల్ల."

ఆయన వంగి చూశాడు. అద్దాలు తీసి, మొహం ఇనుముకు దగ్గరగా పెట్టి చూశాడు. నీలంలో కుంచె నడిచిన గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. అంచు దగ్గర ఒక వెంట్రుక రంగులో అంటుకుని ఎండిపోయి ఉంది. ఆయన దాన్ని వేలి కొసతో తాకాడు.

"ఇది..."

"కుంచెది నాన్నా."

"తెల్లగా ఉంది."

"తెల్ల కుంచె."

ఆయన తలూపాడు. నిటారుగా లేచి నిలబడ్డాడు. మూసి ఉన్న షట్టరు వైపు కాసేపు, లారీ మొహం వైపు కాసేపు చూశాడు.

"ఇప్పుడు దీన్ని గీకాలా?"

"ఇనుము తేలేదాకా గీకి బిగిస్తేనే ఎర్త్ పట్టేది."

"వద్దు."

"ఏంటి వద్దు?"

"గీకొద్దు. ఆమె చేత్తో చివరగా వేసింది అది." చొక్కా కొసతో అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "నువ్వూ ఎన్నాళ్ళనుంచో దిగిపొమ్మంటున్నావు. సరే, దిగిపోతాను. బండి ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను. నీకు టీ అయినా తెచ్చిపెడతాను."

ఆయన నవ్వాడు. కోపంగా అన్న మాట కాదది. నిజంగానే అన్నాడు.

కరెంటమ్మ చేతిలో బోల్టు ఉంది. వీధిలో ఎండ మెల్లగా షాపు గడప దాకా వచ్చింది. ఆయన ఇంక వానలో బండి నడపడు. తెల్లవారుజామున ఫోను మోగితే ఆమె గుండె జారిపోదు. సాయంత్రం అయ్యేసరికి ఆయన ఈ స్టూలు మీదే కూర్చుని గాలిమామతో వాదిస్తూ ఉంటాడు. అదంతా ఆమెకు అప్పుడే జరిగిపోయినట్టు కనిపించింది. ఇంట్లో రెండు కంచాలు, రెండు గ్లాసులు, అవతలి గదిలో ఆయన దగ్గు. అదంతా జరగడానికి ఆమె చెయ్యాల్సిందేమీ లేదు. ఊరుకుంటే చాలు. ఆమెకు తెలిసిన సంగతి ఆయనకు తెలియదు. గాలిమామకూ తెలియదు.

ఆయన అప్పటికే తాళంచెవి కోసం జేబులో వెతుక్కుంటున్నాడు. ఆ వెతుక్కోవడం చూస్తుంటే పొద్దున మంచులో ఆయన గేరు వేసిన తీరు గుర్తొచ్చింది.

"గీకక్కర్లేదు నాన్నా" అంది.

"అదేంటి?"

"కావాలంటే గీకకుండానే చెయ్యొచ్చు. దీపం నుంచి బ్యాటరీ దాకా వేరే వైరు వేస్తాను. ఇనుముతో పనే ఉండదు. ఇంకా బాగా వెలుగుతుంది కూడా. అమ్మ వేసింది అలాగే ఉంటుంది. దాని మీద పాత బోల్టు అలాగే బిగించేస్తా."

పెద్దాయన ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. పొర మొదలైన కంటితో కూడా ఆయనకు అన్నీ కనిపించినట్టే ఉంది.

"చెప్పకుండా ఊరుకోవచ్చుగా" అన్నాడు మెల్లగా.

"ఊరుకోవచ్చు."

గాలిమామ లేచి స్టూలు ఎత్తుకున్నాడు. "నేను పోతా. ఎవరో టైరు పట్టుకొచ్చినట్టున్నారు" అన్నాడు. వీధిలో ఎవరూ లేరు.

ఆమె నల్లవైరు కొలుచుకుని తుంచింది. కొసలు ఒలిచి, రింగులు నొక్కి, ఇనుము రాసుకునే చోట్ల గొట్టం తొడిగి, చట్రం వెంట క్లిప్పులు పెట్టుకుంటూ తీసుకువెళ్ళింది. నీలం చుక్క మీద పాత రింగు పెట్టి, బోల్టును వేళ్ళతో తిప్పి, చివర్లో పానాతో పావు చుట్టు బిగించింది. గట్టిగా బిగించలేదు. పెద్దాయన పక్కన నిలబడి అడిగినప్పుడల్లా అడిగింది అందించాడు.  ఒకసారి ఆయన, "మీ అమ్మయితే ఈ క్లిప్పులకి కూడా రంగు వేసేది" అన్నాడు. "వెయ్యనిచ్చేదాన్ని కాదు" అంది ఆమె. ఇద్దరికీ నవ్వొచ్చింది.

సాయంత్రం లోడు పిలుపు వచ్చింది. మళ్ళీ మంచు దిగుతోంది. పెద్దాయన ఎక్కి కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు.

"లైట్లు వెయ్యి" అంది కరెంటమ్మ. ఈసారి గోడ వైపు చూడలేదు. లారీకి ఎదురుగా, రోడ్డు మధ్యకు నడిచి, దాని వైపు తిరిగి నిలబడింది.

రెండు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. వాటి వెనక లారీ లేదు, తండ్రి లేడు, మూసిన షట్టరు లేదు. మంచు నిండా వెలుగు మాత్రమే ఉంది. ఎడమ నుంచి ఎంత వస్తోందో కుడి నుంచి అంతే వస్తోంది. ఆమె రెండింటి మధ్యా నిలబడింది. కళ్ళు చెదిరి నీళ్ళు తిరిగాయి.

చూడాల్సింది చూడడం అయిపోయింది. ఆమె పక్కకు తప్పుకోవాలి. తప్పుకోలేదు. ఇంజను మెల్లగా గుర్రుమంటోంది. పెద్దాయన హారన్ కొట్టలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఆయన వెళ్ళాల్సిన దారి దూరం, ఆలస్యమవుతుందని ఇద్దరికీ తెలుసు. ఆయన వేచి ఉన్నాడు.

కొంతసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, రోడ్డు అంచుకు జరిగి, చెయ్యి ఊపింది. బాగున్నాయి, వెళ్ళు అన్నట్టు.

లారీ ఆమెను దాటుకుని నెమ్మదిగా వెళ్ళింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, కొంతదూరం దాకా అలాగే ఉంది.